కంచె బయటి రాయి

మా వంశంలో తల్లుల్ని క్షమించే అలవాటు లేదు. ఊరికే అంటున్న మాట కాదు, ఆధారాలున్నాయి. కెంటకీ కొండల్లో టర్కీ ఫోర్క్ వాగు పక్కన మా ట్యాకెట్ వంశంవాళ్లు అడవి నరికి మొదటి మొక్కజొన్న వేసి ఈ 1978కి నూట అరవై ఏళ్లు. ఈ నూట అరవై ఏళ్లలో పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, పెళ్లాడినవాళ్లు, చెప్పాపెట్టకుండా టెక్సాస్ పారిపోయినవాళ్లు అందరూ మా ముందుగదిలో పదిహేడు బూట్ల అట్టపెట్టెల్లో కాగితాలై ఉన్నారు. నలభై ఏళ్లు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాను. పెళ్లి చేసుకోలేదు. తీరికంతా చచ్చిపోయినవాళ్లకే పెట్టాను. బతికున్నవాళ్లతో కంటే వాళ్లతో గొడవలు తక్కువ అనుకునేదాన్ని.

మా పొలానికి మూలం మహాలా, మా తాతకు నాయనమ్మ. ఆమెకు ఏడేళ్లప్పుడు, నరుకుతున్న చెట్టు మీద పడి తండ్రి చనిపోయాడు. ఆ ఏడే ఆమెను జేకబ్ హన్ అనే రైతు ఇంట్లో పనికి కట్టేశారు. పాతకాలంలో మా వైపు అది మామూలే. తండ్రి లేని పిల్లను కోర్టు కాగితం రాసి ఇంకో రైతుకు అప్పజెప్పేది. తిండి, బట్ట ఆ రైతు పెట్టాలి, చాకిరీ పిల్ల చెయ్యాలి. మహాలా పదకొండేళ్లు చేసింది. పద్దెనిమిది నిండిన రోజు ఆమె చేతికొచ్చినవి ఒక ఆవుదూడ, రెండు జతల బట్టలు, ఆ కాగితం.

ఆ కాగితం ఇప్పటికీ మా గోడకు గాజుపలక వెనక ఉంది. మూడు మడతలు పెట్టి దాచినందువల్ల కింది అంచు రెండు పక్కలా ఊడిపోయి, మధ్య ముక్క మాత్రం మిగిలింది. ఆ ముక్క మీద ఒక ఇంటూ గుర్తు ఉంటుంది, చదువు రానివాళ్లు సంతకం బదులు గీసే గుర్తు. మహాలాకు చదవడం రాదు. కానీ గీత ఎవరికైనా కనిపిస్తుంది కదా. 'అదిగో, మా అమ్మ గీసిన గీత, నన్ను ఇచ్చేస్తూ గీసింది' అని పిల్లలకు, మనవలకు చూపించేదట. మా తాతకు ఆమె చూపించింది, తాత మా నాన్నకు, మేనత్తకు చూపించాడు, వాళ్లు నాకు.

ఆ తల్లి పేరు కేటూరా ప్రయర్. ముసలితనంలో ఎక్కణ్నుంచో నడుచుకుంటూ మహాలా వాకిట్లోకి వచ్చింది. మహాలా వసారాలో కూర్చోబెట్టి మొక్కజొన్న రొట్టె, ఉడికిన చిక్కుడుగింజలు పెట్టింది. పంటకొట్టంలో పడుకోనిచ్చింది. ముసలామె రెండు చలికాలాలు ఆ కొట్టంలోనే ఉండి అక్కడే పోయింది. ఆ రెండేళ్లలో కూతురు ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. నేనూ చెప్పుకున్నాను. చనిపోయాక మా కొండ మీద శ్మశానంలో చోటివ్వకుండా కంచె బయట పాతిపెట్టి, పేరులేని రాయి ఒకటి నిలబెట్టారు.

మే నెల ఆఖరి ఆదివారం మేం అందరం కొండెక్కి సమాధులకు పూలు పెడతాం. మా మేనత్త జెల్ఫా చలికాలమంతా కూర్చుని ముడతల కాగితంతో పూలు చేసి, వానకు తడవకుండా మైనంలో ముంచి ఆరబెడుతుంది. ఎనభై రెండు సమాధులకు ఎనభై రెండు పూలు. కంచె బయటి రాయికి లేదు. వదిలేసిన తల్లికి మనం పువ్వు పెట్టం అన్నది మా ఇంటి శాసనం. చిన్నప్పట్నుంచీ నాకు ఆ శాసనం అంటే ప్రాణం, ఎందుకంటే నాకూ వదిలేసిన తల్లి ఉంది.

మా అమ్మ పేరు ఓసీ. నాకు ఎనిమిదేళ్లప్పుడు, అక్టోబరులో పొగాకు కొట్టాల్లో ఆరుతుండగా, ఒక మంగళవారం నన్ను బడికి పంపి రైలెక్కి ఒహాయోలోని డేటన్ వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. అక్కడ ఏదో ఫ్యాక్టరీలో చేరిందనీ, విడాకులయ్యాక ఇంకొకాయన్ని చేసుకుందనీ, కూతుర్ని కన్నదనీ వాళ్లూ వీళ్లూ చెప్పుకోగా విన్నాను. నాన్న చనిపోయేదాకా ఆమె పేరెత్తలేదు. నన్ను జెల్ఫా అత్త పెంచింది. వంశ పుస్తకంలో నాన్న పేరు పక్కన 'భార్య' అని రాసి ఖాళీ వదిలేశాను. ఆ ఖాళీ చూసి ఏనాడూ నా మనసు కలుక్కుమనలేదు.

ఏప్రిల్లో ఒకరోజు ఫోన్ మోగింది.

"ఆర్డిత్ గారేనా అండీ? నా పేరు లావెర్న్. డేటన్ నుంచి మాట్లాడుతున్నాను. నేను ఓసీ కూతుర్నండీ."

"ఓసీ కూతుర్ని నేను," అన్నాను. నోరు అలా ఎందుకు జారిందో నాకే తెలీదు.

"అవునండీ, అందుకే చేశాను. అమ్మకు ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. జూన్ దాటడం కష్టం అన్నాడు డాక్టరు. మీరు ఒక్కసారి వచ్చి చూస్తే..."

"రమ్మని ఆవిడ అడిగిందా?"

"లేదండీ. ఆవిడ అడిగే రకం కాదు. నేనే అడుగుతున్నాను."

"నాకు పుస్తకం పనుంది. ఆగస్టులో చుట్టాలందరూ కలిసేనాటికి అచ్చవ్వాలి," అని పెట్టేశాను.

అబద్ధమేం కాదు, పుస్తకం పని నిజంగానే ఉంది. కానీ ఆ మధ్యాహ్నమంతా తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ నిలబడ్డాను. ఆవిడ నా ముందుకొస్తే అడగాల్సింది ఒక్కటే ప్రశ్న. ఎందుకు వెళ్లావు? యాభై ఎనిమిదేళ్లుగా అది నా గొంతులోనే ఉంది. జూన్ దాటితే జవాబు చెప్పే మనిషి ఉండదు. అడగడానికి వెళ్తే మాత్రం, పువ్వు పెట్టినట్టే అనిపించింది.

పుస్తకంలో మహాలా కాగితం ఫొటో వెయ్యాలి. మాది చిరిగింది కాబట్టి కోర్టు దగ్గరుండే రెండో ప్రతి కోసం కచేరీకి వెళ్లాను. అక్కడి గుమాస్తా ఎల్బర్ట్ ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే.

"మళ్లీ వచ్చారా టీచర్‌గారూ? ఆ చచ్చినవాళ్లు మీకు జీతమేమైనా ఇస్తున్నారా?"

"నువ్వు మూడో తరగతి రెండేళ్లు చదివినందుకు నాకేమైనా జీతం పెంచారా? కిందగది తాళం తియ్యి."

"రెండేళ్లు కాదు టీచర్‌గారూ, ఏడాదిన్నర. మధ్యలో గవదబిళ్లలొచ్చాయి." తాళం తీస్తూ గొణిగాడు. "కింద దుమ్ము బాగా ఉంది. మూతికి గుడ్డ కట్టుకోండి."

కిందగదిలో రేకు సొరుగులు వరసగా ఉంటాయి. వాటిలో పాత కాగితాలు నాడాతో కట్టలు కట్టి ఉన్నాయి. పనికి కట్టేసిన పిల్లల కాగితాలు ఏ సొరుగులో ఉన్నాయో ఎవరూ రాసిపెట్టలేదు. మూడు రోజులు వెతికాను. నాలుగో రోజు 1806 నుంచి 1811 దాకా కాగితాల కట్ట దొరికింది. నాడా ముడి చూస్తే కట్టినవాడి తర్వాత విప్పినవాళ్లే లేరని తెలుస్తోంది. రెండో ప్రతి చెక్కుచెదరకుండా ఉంది. కింద ఇంటూ గుర్తు కూడా అలాగే ఉంది. దానికి ఎడమపక్క 'జేకబ్' అని, కుడిపక్క 'హన్' అని, ఆ పేరు పక్కనే చిన్న అక్షరాల్లో 'అతని గుర్తు' అని ఉంది.

నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను. నూట యాభై ఏళ్లుగా మా వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని చూపించిన గీత ఆ తల్లిది కాదు, పిల్లను తీసుకెళ్లిన రైతుది. హన్‌కు కూడా చదువు రాదు. కేటూరా పేరు ఆ కాగితం మొత్తంలో ఒక్కచోట ఉంది, ఫలానావాడి విధవ అని. ఆమెను సంతకం అడగలేదు. అడగాల్సిన అవసరమే లేదు. ఆ రోజుల్లో తండ్రి పోయిన పిల్ల చట్టం దృష్టిలో అనాథ, తల్లి పక్కనే నిలబడి ఏడుస్తున్నా అనాథే. ఈ సంగతి నాకు పాతికేళ్లుగా తెలుసు. పొరుగు కుటుంబాల వాళ్లకు విడమరిచి చెప్పి శభాష్ అనిపించుకున్నాను కూడా. మా గోడ మీది కాగితానికి మాత్రం ఆ తెలివి ఒక్కసారీ వాడలేదు. మా ఇంట్లో అది కాగితం కాదు, కోపం.

అదే కట్టలో ఏడు చీటీలు ఉన్నాయి. మొదటిది 1806 అక్టోబరులో, పిల్లను తీసుకెళ్లిన ఏడే. కేటూరా ప్రయర్ అను విధవ కోర్టుకు వచ్చి తన కూతురు మహాలాను తనకు ఇప్పించమని వేడుకున్నది, త్రోసివేయడమైనది. తర్వాతి మార్చిలో రెండోది. మూడోదాంట్లో, తనకు ఇప్పుడు ఒక ఆవు ఉన్నదని, పిల్లకు పాలు పట్టగలనని చెప్పుకున్నది. నాలుగోదాంట్లో, పిల్లను మంచులో చెప్పుల్లేకుండా చూశానని చెప్పుకున్నది. అన్నిటి కిందా ఒకే మాట. ఏడోది 1811లో. ఇకపై ఈ విషయమై కోర్టువారికి ఇబ్బంది కలిగించరాదని ఆమెను హెచ్చరించడమైనది.

ఎల్బర్ట్ కిందికి వచ్చేసరికి నేను నేల మీద కూర్చుని ఏడుస్తున్నాను.

"టీచర్‌గారూ, పడ్డారా? ఎవరినైనా పిలవనా?"

"పడలేదురా. వీటికి నకళ్లు తియ్యి. ఏడూ. జాగ్రత్త, చిరుగుతాయి."

వాడు చీటీలు రెండు అరచేతుల్లో పెట్టుకుని పైకి తీసుకెళ్లాడు.

ఇంటికెళ్లి అత్తకు చెప్పాను. జెల్ఫా అత్తకు ఎనభై తొమ్మిది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని పువ్వుకు తీగ చుడుతోంది. నేను ఏడు చీటీలూ చదువుతుంటే చెయ్యి ఆపలేదు.

"అయితే?" అంది.

"అయితే ఏంటత్తా, కేటూరా కూతుర్ని ఇచ్చెయ్యలేదు. లాక్కున్నారు. అయిదేళ్లు కోర్టు చుట్టూ తిరిగింది."

"తిరిగితే ఆ ముక్క కూతురికి చెప్పుకోవచ్చుగా. రెండేళ్లు కొట్టంలో కూర్చుని ఏం చేసిందట?"

"చెప్పే ఉంటుంది. విన్నదెవరు? గోడ మీద గీత ఉందిగా మనకి."

అత్త చెయ్యి ఆగింది. "మా నాన్న నన్ను చంకనేసుకుని చూపించాడే ఆ గీత," అంది మెల్లగా. "నేను నీకూ చూపించాను."

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన పాపమో పుణ్యమో తెలీదు. కేటూరా కాగితాన్ని ఇంత తప్పుగా చదివినవాళ్లం ఓసీ సంగతి సరిగ్గా చదివామని నమ్మకమేముంది?

"అత్తా, మా అమ్మ ఉత్తరాలు ఎక్కడ దాచావు?"

"ఏ ఉత్తరాలే?"

"నాకు రాసినవి."

"రాస్తే కదే దాచేది?" అని నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఒట్టు ఆర్డిత్. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. నువ్వు రోజూ వెళ్లి పోస్టుడబ్బా దగ్గర నిలబడుతుంటే చూడలేక, ఆవిడ రాసినట్టు నేనే ఒకటి రాద్దామనుకున్నాను. నా రాత నువ్వు గుర్తుపడతావని మానేశాను."

"నాన్న వెళ్లగొట్టాడా?"

"మీ నాన్నా? కోడిని కొయ్యడానికి కూడా నన్ను కేకేసేవాడు. వాడు పెళ్లాన్ని వెళ్లగొడతాడా?"

నేను నమ్మలేదు. పెంచిన మనిషి ముఖాన, నువ్వు అబద్ధాలకోరువి అన్నాను. ఆ నెలంతా మేం ఇద్దరం ఉప్పు ఇవ్వు, తలుపు వెయ్యి అన్న మాటలతోనే గడిపాం. ఆఖరి ఆదివారం కొండెక్కేముందు పూలబుట్ట నా చేతికిస్తూ, "ఎనభై మూడున్నాయి," అంది. నేను కంచె దాటి ఆ ఎర్రటి పువ్వు రాయి ముందు గుచ్చాను. చుట్టాలందరూ చూస్తుండగా ఏడు చీటీలూ గట్టిగా చదివాను. కొందరు ఏడ్చారు. కొందరు భోజనాలు చల్లారిపోతున్నాయన్నారు. నాకు మాత్రం ఆ రాయి దగ్గర అనిపించినదొక్కటే, ఈవిడకు నూట ముప్ఫై అయిదేళ్లు ఆలస్యమైంది, ఓసీకి ఇంకా జూన్ దాకా ఉంది.

మర్నాడే డేటన్ బస్సెక్కాను. చేతిసంచిలో ఏడు నకళ్లు, మనసులో ఒక ఆశ. అరవై ఆరేళ్ల మనిషికి ఉండాల్సిన ఆశ కాదది, ఎనిమిదేళ్ల పిల్లది. మా అమ్మకు కూడా ఎక్కడో ఒక కాగితం ఉంటుంది. ఆమెను కూడా ఎవరో తప్పించి ఉంటారు. నన్నెవరో లాక్కుని ఉంటారు.

లావెర్న్ బస్టాండుకు వచ్చింది. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. గడ్డం అచ్చం నాదే. కారులో ఆమె ఏవేవో మాట్లాడింది గానీ నేనొక్కటీ వినలేదు. ముసలివాళ్ల ఆసుపత్రిలో రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, దిండ్లకు చేరగిలబడి ఒక చిన్న మనిషి ఉంది. ముక్కుకు గొట్టం పెట్టారు. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. లావెర్న్ మమ్మల్ని వదిలి బయటికెళ్లింది.

"ముసలిదానివైపోయావ్," అంది నన్ను చూసి.

"అరవై ఆరు."

"నాకు చెప్తావా? కన్నదాన్ని."

కూర్చున్నాను. ఎలా ఉన్నావని నేను అడగలేదు, ఆమె అడగలేదు. నేను సంచిలోంచి నకళ్లు తీసి కేటూరా కథంతా చెప్పి, ఏడూ చదివాను. ఆమె తలుపు వైపు చూస్తూ వింది. చెప్పుల్లేకుండా చూశాననే దగ్గర ఒక్కసారి కళ్లు మూసుకుంది.

"పాపం పిచ్చిది. ఏడుసార్లు వెళ్లిందా?" అంది.

"నిన్నెవరు పంపేశారమ్మా?"

ఆ పిలుపు నోట్లోంచి వచ్చాక గానీ నాకు తెలియలేదు. ఇక ఆగలేకపోయాను. "నాన్నా? అత్తా? నాన్నమ్మా? ఎవరైనా ఫర్వాలేదు, చెప్పు. పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్లలేదు. ఉన్నదున్నట్టు రాస్తాను. అందరికీ చదివి వినిపిస్తాను."

ఆమె నన్ను చూసిన చూపులో నాకు కావలసినదే కనిపించింది, జాలి. కానీ ఆ జాలి తన మీద కాదు, నా మీద.

"ఎవరూ పంపలేదు ఆర్డిత్."

"భయపడకు, వాళ్లెవరూ ఇప్పుడు..."

"భయమేంటి, చచ్చేదాన్ని. మీ నాన్న మంచోడు. జెల్ఫాది నోరే గానీ మనసు మెత్తన. నేనే వెళ్లాను. ఆ కొండల మధ్య నాకు ఊపిరాడేది కాదు. ఆ పొగాకు, ఆ పాలు పితకడం, మళ్లీ ఆ పొగాకు. కోపంలో లేచి వెళ్లింది కూడా కాదు. ఆర్నెల్లు ఆలోచించుకుని వెళ్లాను."

"నన్ను తీసుకెళ్లొచ్చుగా."

"తీసుకెళ్తే అక్కడా అమ్మనే అయ్యేదాన్ని," అని ఊపిరి కోసం ఆగింది. "అప్పుడు నాకు అది కాకూడదనిపించింది. ఏం చెప్పమంటావ్."

"ఒక్క ఉత్తరం."

"ఏమని రాయను? బాగున్నానని రాస్తే నీకు కడుపుమంట. బాలేదని రాస్తే అబద్ధం."

"నేనంటే ఇష్టం లేదా?"

"ఉంది," అంది వెంటనే. తర్వాత మెల్లగా, "వెనక్కి వచ్చేంత లేదు. ఆవిడ ఏడుసార్లు ఆ మెట్లెక్కింది. నేను ఒక్కసారి కూడా రైలెక్కలేదు. నన్ను తీసుకెళ్లి ఆవిడ పక్కన కూర్చోబెట్టకు. ఆవిడకి అన్యాయం."

నేను నకళ్లు సంచిలో కుక్కుకుని లేచి వచ్చేశాను. లావెర్న్ వెనక నుంచి పిలిచింది, ఆగలేదు. బస్టాండు దాకా నడిచాను. నా వయసుకు, నా మోకాళ్లకు అది పెద్ద దూరమే. టికెట్టు తీసుకుని బల్ల మీద కూర్చున్నాను. ఇంత కోపం నాకు జీవితంలో రాలేదు. ఒక్క అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది కదా. మీ నాన్నమ్మ తరిమేసింది అంటే చాలు, నేను నమ్మి ఉండేదాన్ని, ఆధారం కూడా అడిగి ఉండేదాన్ని కాదు. పిల్లకు అన్నీ ఎగ్గొట్టిన మనిషి ఆఖరికి ఆ అబద్ధం కూడా ఎగ్గొట్టింది.

ఒక బస్సు వెళ్లింది. ఎక్కుదామనుకున్నాను, ఎక్కలేదు. మహాలా గుర్తొచ్చింది. రెండేళ్లు తల్లికి పళ్లెం అందించి ఒక్క మాటా మాట్లాడకపోవడం ఎంత కష్టమో ఎప్పుడూ ఆలోచించలేదు. తనను ఇచ్చేసిందని అనుకున్నా సరే, లాక్కున్నారని తెలిసినా సరే, ఆ కొట్టంలో ఉన్నది ఆమె అమ్మే. ఇక్కడ రెండో అంతస్తులో ఉన్నదీ మా అమ్మే. తప్పు చేసిందా, చేసింది. నేను ఆధారం కోసం వచ్చాను, ఆమె దాన్ని నా చేతిలో పెట్టింది. ఇక నాకు తేల్చుకోవాల్సింది ఏమీ మిగల్లేదు, ఆమె ఉంది, అంతే. రెండో బస్సు కూడా వెళ్లిపోయాక లేచి నడిచాను.

"బస్సు తప్పిందా?" అంది నన్ను చూసి.

"రెండు వెళ్లాయి. ఎక్కలేదు."

ఆమె వెనకున్న దిండు జారిపోతుంటే పైకి లాగాను. మంచం మీద ఆమె బరువే తెలియడం లేదు.

"నేనొకటి అడగనా?" అంది. "అడిగే హక్కు లేదనుకో. ఆ మంగళవారం బడి నుంచి వచ్చి ఏం చేశావ్?"

"నీకెందుకు?"

"తెలీదు కాబట్టి. రైలెక్కానే గానీ, మూడున్నరయ్యేసరికి, ఇప్పుడు ఇంటికొచ్చుంటుంది అనుకున్నాను. ఆ తర్వాతేమైందో ఈ రోజుదాకా తెలీదు."

చెప్పకూడదనుకున్నాను. కానీ నోరు దానంతటదే మొదలుపెట్టింది. ఇల్లంతా వెతికానని చెప్పాను. నూతి దగ్గర, కోళ్లగూటి దగ్గర కూడా వెతికానని చెప్పాను. ఆ ఉదయం ఆమె వేసి పంపిన జడ ఎవరినీ విప్పనివ్వలేదని, పడుకున్నా తీసేదాన్ని కాదని, పన్నెండు రోజులకు అది ఉండకట్టుకుపోతే అత్త నన్ను ఒళ్లో అదిమి పట్టుకుని కత్తెరతో కోసేసిందని, కోస్తూ నాకంటే ఎక్కువగా అత్తే ఏడ్చిందని చెప్పాను. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నేనూ తుడవలేదు.

"తర్వాత?" అంది.

తొమ్మిదో ఏట ఆవు తన్ని చెయ్యి విరిగింది. "ఏ చెయ్యి?" అంది. ఎడమది అన్నాను. పట్టుకుని చూసింది, వంకర ఇంకా ఉంది. పదో ఏట పొంగు వచ్చి నెల రోజులు చీకటిగదిలో పడుకోబెట్టారు. "ఎవరు కూర్చున్నారు పక్కన?" అంది. నాన్న అన్నాను. పదకొండో ఏట కౌంటీ మొత్తానికి చదువులో మొదట వచ్చాను, కొత్త గౌను లేదని బహుమతి తెచ్చుకోవడానికి వెళ్లలేదు. "అయ్యో, వెళ్లాల్సింది," అంది, నిన్న జరిగినట్టు. పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. ఎవరూ ముందుగా చెప్పలేదు, చచ్చిపోతున్నాననుకుని గడ్డిలో దాక్కున్నాను, పొద్దు వాలేదాకా నిన్నే పిలిచాను అన్నాను. ఆమె నా చెయ్యి వదల్లేదు.

నర్సు వచ్చి బయటివాళ్లు వెళ్లే వేళయిందని చెప్పింది. అమ్మకు ఆయాసంగా ఉంది. మిగతాది రేపు చెబుతాలే అన్నాను. "రేపు పదమూడు," అంది, మర్చిపోకుండా లెక్కపెట్టుకున్నట్టు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూశాను. నా వైపే చూస్తోంది.

ఆ రాత్రి లావెర్న్ ఇంట్లో పడుకున్నాను. పొద్దున ఆరింటికి ఆమె నా గది తలుపు తట్టి, తెల్లవారుజామున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందని చెప్పింది.

నాకు అరవై ఆరేళ్లు. మా అమ్మకు నేను పన్నెండేళ్ల దాకానే తెలుసు.